ఉమ్మడి గాదె – పి.వి. నరసింహారావు

ఒక ఊరివారందరూ కలిసి ఒక గాదె కట్టుకున్నారని అనుకుందాం. పంట పండిన ఏడు ప్రతి ఇంటివారూ తమ స్తోమతకు తగినట్లు కొన్ని బస్తాల జొన్నలు అందులో పోస్తారు. వానలు లేక చేను ఎండిన ఇంటివారు అందులోనుంచి కొలిచి తీసుకొని, మళ్లీ పంట చేతికి వచ్చినప్పుడు కొసరుతో సహా తిరిగి పోస్తారు. ఎవరు ఎంత పోయాలి, ఎవరు ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లలో తిరిగి ఇవ్వాలి అన్న కట్టుబాట్లన్నీ వానల కరువును తలచుకొని చేసుకున్నవే. మరి ఒక ఏడు వానలు బాగానే కురిసి, ఊరిలో సగం ఇండ్లకు నిప్పంటుకుంటే ఏమి చేయాలి? కట్టుబాటులో నిప్పు మాట లేదని గాదె తలుపు మూసివేయవచ్చు. లేదా ఊరి పెద్దలందరూ కూర్చొని పాత కట్టుబాటుకు కొత్త మాట ఒకటి చేర్చవచ్చు. గాదెలోని గింజ ఆ గింజే. దానిని ఏ ఆపదకు వాడుకోవాలన్న తెలివి మాత్రం కాలంతోపాటు మారవలసి ఉంటుంది.

ప్రపంచ దేశాల మధ్య కూడా అటువంటి గాదె ఒకటి ఉన్నది. దాని పేరు అంతర్జాతీయ ద్రవ్యనిధి. 1991వ సంవత్సరంలో భారతదేశం ఆ గాదె ముందు నిలబడవలసి వచ్చినప్పుడు దేశ ప్రధానమంత్రి ఒక తెలుగువాడు. ఉత్తర తెలంగాణలోని ఒక పల్లెలో, రైతు కుటుంబంలో పెరిగినవాడు. ఆయనే పాములపర్తి వెంకట నరసింహారావు. ప్రజలకు ఆయన పి.వి.గా సుపరిచితులు.

పి.వి. 1921 జూన్ 28వ తేదీన వరంగల్ జిల్లా నర్సంపేట సమీపాన ఉన్న లక్నేపల్లిలో జన్మించారు. మూడేళ్ల వయసులోనే దగ్గరి బంధువుల ఇంటికి దత్తు వెళ్లి, అప్పటి కరీంనగర్ జిల్లాలోని వంగర గ్రామంలో పెరిగారు. ఆనాటి నిజాం రాజ్యంలో పల్లెటూరి పిల్లవానికి చదువు అందుబాటులో ఉండేది కాదు. అక్షరాలు దిద్దిన నాటి నుంచి పైచదువుల వరకు ఆయన ఒక ఊరినుంచి మరొక ఊరికి, ఒక భాషనుంచి మరొక భాషకు ప్రయాణం చేస్తూనే ఉన్నారు. ఇంటి భాష తెలుగు, రాజభాష ఉర్దూ, పొరుగు ప్రాంతాల భాష మరాఠీ. ఈ మూడింటి నడుమ పెరిగిన బాలుడు తరువాతి కాలంలో పదికి పైగా భాషలలో ప్రవేశం సంపాదించడంలో ఆశ్చర్యం లేదు.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోని విద్యార్థులు వందేమాతర గీతాన్ని పాడే హక్కు కోసం ఉద్యమించారు. అప్పుడు ఇంటర్మీడియట్ విద్యార్థిగా ఉన్న పి.వి. అందులో పాల్గొన్నారు. ఫలితంగా నిజాం రాజ్యంలో ఆయన చదువుకు తలుపులు మూసుకుపోయాయి. చదువు మానుకోవడం ఆయనకు ఇష్టం లేదు, క్షమాపణ కోరడమూ ఇష్టం లేదు. ఎల్లలు దాటి నాగపూర్ వెళ్లారు. పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, నాగపూర్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించారు.

ఈ ప్రయాణంలో విద్యార్థులు గమనించదగిన చిన్న విషయం ఒకటి ఉన్నది. నిజాం రాజ్యంలో చెల్లుబాటయ్యే నాణెం హాలీ సిక్కా. ఎల్ల దాటితే బ్రిటిష్ ఇండియా రూపాయి. రెండింటి విలువ ఒకటి కాదు. వంగరలో నూరు రూపాయలు ఉన్నవానికి నాగపూర్‌లో నూరు రూపాయలు ఉన్నట్లు కాదు. ఒక రాజ్యపు ధనం మరొక రాజ్యంలో ఎంతకు మారుతుందన్న ప్రశ్న ఆర్థికశాస్త్ర గ్రంథాలలో చదవకముందే ఆ తరం తెలంగాణ విద్యార్థులకు అనుభవంలోకి వచ్చిన విషయం.

పి.వి. ఇరవై మూడేళ్ల యువకుడుగా ఉన్న రోజులలోనే, 1944 జూలైలో, అమెరికాలోని బ్రెటన్ వుడ్స్ అనే చోట 44 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. రెండవ ప్రపంచయుద్ధం ఇంకా ముగియలేదు. యుద్ధానికి ముందు దేశాలు ఒకదానితో ఒకటి పోటీపడి తమ నాణేల విలువను తగ్గించుకొని, దిగుమతులకు అడ్డుగోడలు కట్టుకొని, చివరకు అందరూ నష్టపోయారు. ఆ పొరపాటు మళ్లీ జరగకూడదన్న తలంపుతో ఉమ్మడి నిధి ఒకటి ఏర్పరచాలని ఆ సభ నిర్ణయించింది. 1945 డిసెంబరు 27న అంతర్జాతీయ ద్రవ్యనిధి ఏర్పడింది. స్వాతంత్ర్యం రాకముందే భారతదేశం అందులో స్థాపక సభ్యురాలైంది. ప్రతి సభ్యదేశం తన ఆర్థిక స్తోమతను బట్టి నిర్ణయమైన వాటాను నిధికి చెల్లించాలి. విదేశాలకు చెల్లించవలసిన ధనం కొరత పడినప్పుడు అందులోనుంచి తాత్కాలికంగా తీసుకొని, పరిస్థితి చక్కబడిన తరువాత తిరిగి చెల్లించాలి. వాటాను బట్టే ఓటు బలం ఉంటుంది. కనుక ఈ గాదె వద్ద ధనిక దేశాల మాటకు మొదటినుంచీ బరువెక్కువ.

ఆ నిధి గురించి పి.వి. ఆనాడు ఆలోచించి ఉండరు. ఆయన ముందున్న సమస్య తన రాజ్యపు విముక్తి. 1947–48లో హైదరాబాదు స్వాతంత్ర్య పోరాటం తీవ్రమైనప్పుడు, ఆదిలాబాద్ జిల్లాకు ఆనుకొని ఉన్న చాందా పట్టణంలోని కాంగ్రెస్ శిబిరంలో ఆయన పనిచేశారు. అదే నేటి చంద్రపూర్. పోలీసు చర్య తరువాత వరంగల్ నుంచి వెలువడిన కాకతీయ పత్రికకు రచనలు చేశారు. బూర్గుల రామకృష్ణారావు వద్ద న్యాయవాద వృత్తిలో మెలకువలు నేర్చుకున్నారు. 1957లో గోదావరి తీరాన ఉన్న మంథని నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికై, 1977 వరకు ఆ ప్రాంతానికే ప్రాతినిధ్యం వహించారు.

రాష్ట్ర మంత్రిగా పి.వి. చేసిన పనులలో విద్యకు సంబంధించినవి చిరకాలం నిలిచాయి. ఆయన విద్యామంత్రిగా ఉన్న కాలంలోనే, 1968లో, తెలుగు అకాడమీ ఏర్పడింది. ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులు శాస్త్ర విషయాలను సొంత భాషలో చదువుకోవడానికి ఆ సంస్థ ప్రచురించిన పాఠ్యగ్రంథాలు దారి చూపాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్యాలయం పేద విద్యార్థులకు గొప్ప ఆసరా అయింది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన పి.వి. భూసంస్కరణలకు పూనుకున్నారు. స్వయంగా భూస్వామి అయి ఉండి, భూపరిమితి చట్టం తేవడానికి ఉపక్రమించి, తన భూమిలో పెద్ద భాగాన్ని వదులుకున్నారు. ముల్కీ నిబంధనల వివాదం, జై ఆంధ్ర ఉద్యమం నడుమ 1973 జనవరిలో ఆయన పదవి పోయింది. అధికారం చేజారినా అధ్యయనం ఆగలేదు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు నవలను సహస్రఫణ్ పేరిట హిందీలోకి అనువదించిన పి.వి., హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను అబల జీవితం పేరిట తెలుగువారికి అందించారు. అనువాదకుని పని కూడా ఒక విధమైన వినిమయమే. ఒక భాషలోని విలువ మరొక భాషలో తరిగిపోకుండా చూడడం అందులోని బాధ్యత.

1977 తరువాత ఆయన కార్యక్షేత్రం ఢిల్లీకి మారింది. 1980 నుంచి 1984 వరకు, మళ్లీ 1988–89లో విదేశాంగ మంత్రిగా పనిచేశారు. హోం, రక్షణ, మానవ వనరుల శాఖలనూ నిర్వహించారు. వర్ధమాన దేశాల ప్రతినిధులతో మాట్లాడే ప్రతి సందర్భంలోనూ ఒకే బాధ వినిపించేది. ఉమ్మడి నిధి అందరిదీ, కట్టుబాట్లు మాత్రం కొందరివి. అయితే ఆ కట్టుబాట్లు రాతిమీద చెక్కినవి కావు. ఎగుమతి చేసే పంటల ధరలు పడిపోయి నష్టపోయిన దేశాలకోసం ద్రవ్యనిధి 1963లో ప్రత్యేక సహాయ పద్ధతి ఒకటి ప్రవేశపెట్టింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా నాలుగింతలైనప్పుడు, ఆ మరుసటి సంవత్సరం చమురు దిగుమతి చేసుకొనే దేశాలకోసం వేరొక ఏర్పాటు చేసింది. 1981లో తిండిగింజల దిగుమతి భారమైన దేశాలనూ ఆ పాత పద్ధతిలో చేర్చింది. కొత్త ఆపద వచ్చినప్పుడల్లా గాదె కట్టుబాటుకు ఒక కొత్త మాట చేరుతూ వచ్చిందన్నమాట. ఆలస్యంగానైనా, అరకొరగానైనా మార్పు జరిగింది.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆ యుద్ధం మనకు దూరాన జరిగినదే. కాని దాని సెగ ఉత్తర తెలంగాణ పల్లెలకు కూడా తగిలింది. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎందరో కూలి కోసం గల్ఫ్ దేశాలకు వలస వెళ్లేవారు. కొడుకు పంపే పైకం మీదనే అప్పుల వడ్డీ, చెల్లెలి పెండ్లి, ముసలి తల్లిదండ్రుల మందులు ఆధారపడి ఉండేవి. యుద్ధంలో చిక్కుకున్న లక్షకు పైగా భారతీయులను ప్రభుత్వం విమానాలలో స్వదేశానికి చేర్చింది. ప్రాణాలు దక్కాయి, పని పోయింది. దేశం మొత్తానికి కూడా అదే గతి పట్టింది. ప్రవాసులు పంపే ధనం తగ్గింది. చమురు ధర కొద్ది నెలల్లోనే రెట్టింపైంది. విదేశాలలోని భారతీయులు ఇక్కడి బ్యాంకులలో దాచుకున్న డాలర్లను వెనక్కు తీసుకోసాగారు. మన సరుకులు కొనే సోవియట్ యూనియన్, తూర్పు ఐరోపా దేశాలు తామే కూలిపోయే స్థితిలో ఉన్నాయి.

అయితే నిందనంతా యుద్ధం మీదనే మోపడం న్యాయం కాదు. అంతకు ముందు పదేళ్లుగా ప్రభుత్వం ఆదాయానికి మించి ఖర్చు చేస్తూ, ఆ లోటును అప్పులతో పూడుస్తూ వచ్చింది. కేంద్ర ప్రభుత్వపు ద్రవ్యలోటు జాతీయోత్పత్తిలో 8 శాతం దాటింది. ఎండిన గడ్డి మీద పడిన నిప్పురవ్వ వంటిది గల్ఫ్ యుద్ధం. రవ్వను చూసి గడ్డిని మరచిపోకూడదు.

ఈ పరిస్థితిలో ద్రవ్యనిధి తన పద్ధతిని మరొకసారి సవరించుకున్నది. 1990 చివరలో, హఠాత్తుగా పెరిగిన చమురు దిగుమతి వ్యయానికి కూడా సహాయం చేసే అంశాన్ని తాత్కాలికంగా తన పాత ఏర్పాటులో చేర్చింది. ఆ సవరణ మన దేశానికి ఆపద్ధర్మంగా ఉపయోగపడింది. 1991 జనవరిలో చంద్రశేఖర్ ప్రభుత్వం నిధి నుంచి సుమారు 180 కోట్ల డాలర్లు తీసుకోగలిగింది. అందులో ఎక్కువ భాగం ఈ కొత్త వెసులుబాటు ఉన్న పద్దు కిందనే వచ్చింది. కాని ఆ ధనం కొద్ది నెలలలోనే హరించిపోయింది. కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకోవడంతో మార్చిలో ప్రభుత్వం పడిపోయింది. పూర్తి బడ్జెట్ ప్రవేశపెట్టే అవకాశమే లేకపోయింది. ఇంటిని చక్కదిద్దుకొనే యజమాని లేని కుటుంబానికి మరికొంత అప్పు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. మే నెలలో ప్రభుత్వం వద్ద ఉన్న 20 టన్నుల బంగారాన్ని, తిరిగి కొనుక్కొనే ఒప్పందం మీద, స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్‌లోని ఒక బ్యాంకుకు అమ్మవలసి వచ్చింది.

ఆ మే 21నాడే ఎన్నికల ప్రచారంలో ఉన్న రాజీవ్ గాంధీ హత్యకు గురయ్యారు. అప్పటికి పి.వి. ఎన్నికలలో పోటీ చేయడం లేదు. క్రియాశీల రాజకీయాలనుంచి విరమించుకొని, పుస్తకాలు సర్దుకొని హైదరాబాదు చేరాలన్న ఆలోచనలో ఉన్నారు. డెబ్బై ఏళ్ల వయసులో, పార్లమెంటు సభ్యుడు కూడా కాని స్థితిలో, సంపూర్ణ ఆధిక్యం లేని పార్టీకి నాయకుడుగా ఎన్నికై, 1991 జూన్ 21వ తేదీన ఆయన ప్రధానమంత్రి పదవిని స్వీకరించారు. దక్షిణ భారతదేశం నుంచి ఆ పదవిని అధిష్ఠించిన తొలి వ్యక్తి ఆయనే. ఆ తరువాత నవంబరులో నంద్యాల ప్రజలు ఆయనను ఐదు లక్షలకు పైగా ఆధిక్యంతో లోక్‌సభకు పంపారు.

పదవి చేపట్టే ముందే అధికారులు ఆయన చేతికి ఆర్థిక స్థితిని గురించిన పత్రాన్ని అందించారు. పరిస్థితి బాగాలేదని ఆయనకు తెలుసు. అంత విషమించిందని తెలియదు. ఖజానాలో ఉన్న విదేశీ ద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే చాలుతుంది. స్వతంత్ర భారతం అంతవరకు విదేశీ అప్పు వాయిదా ఎన్నడూ ఎగవేయలేదు. ఆ మాట పోతే చమురు ఓడలు ఆగిపోతాయి, ఎరువులు రావు, మందులు రావు. బస్సు నడవకపోతే నష్టపోయేది ఢిల్లీ ఒక్కటే కాదు. పంటను సంతకు చేర్చలేని పల్లె కూడా నష్టపోతుంది.

పి.వి. ఆర్థికవేత్త కాదు. తనకు తెలియని విద్యను తెలిసినట్లు నటించకపోవడం ఆయన వివేకం. రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా పనిచేసిన మన్మోహన్ సింగ్‌ను ఆర్థికమంత్రిగా నియమించి, ఆయనకు అండగా నిలిచారు. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువను దాదాపు ఐదవ వంతు తగ్గించారు. మొదటి విడత తరువాత వచ్చిన విమర్శలకు ప్రధాని మనసు కొంత వెనుకాడింది. రెండవ విడతను ఆపించాలని భావించారు. కాని ఆ వార్త చేరేసరికే రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్ ఆ పని పూర్తి చేశారు. అనంతర కాలంలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వ్యవహరించినది ఈ రంగరాజన్ గారే. ధీరులైనవారికి సందేహం కలగదని అనుకోవడం పొరపాటు. సందేహం కలిగినా, జరిగినదానికి బాధ్యత వహించి ముందుకు సాగడమే ధైర్యం.

అదే జూలైలో రిజర్వ్ బ్యాంకు తన నిల్వలనుంచి 46 టన్నులకు పైగా బంగారాన్ని ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల వద్ద కుదువ పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. మన సమాజంలో ఇల్లాలి పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లిందంటే ఆ ఇంటికి ఇక వేరే దారి లేదని అర్థం. దేశ ప్రజలు ఆ వార్తను అలాగే విన్నారు, అలాగే బాధపడ్డారు. పార్లమెంటులో ప్రతిపక్షాలు నిలదీశాయి. మాట పోవడం కంటే బంగారం పోవడం మేలన్నది ఆనాటి నిర్ణయంలోని సారం. ఆ ఏడాది ముగియకముందే ఆ అప్పు తీరిపోయింది.

జూలై 24న ప్రవేశపెట్టిన బడ్జెట్ దేశ చరిత్రలో ఒక మలుపు. ద్రవ్యలోటును 8.4 శాతం నుంచి 6.5 శాతానికి తగ్గించాలని అందులో లక్ష్యం నిర్దేశించారు. పరిశ్రమల శాఖను తన వద్దనే ఉంచుకొన్న పి.వి., అదే రోజున కొత్త పారిశ్రామిక విధానాన్ని ప్రకటింపజేశారు. చాలా పరిశ్రమలకు లైసెన్సుల నిర్బంధం తొలగింది. ద్రవ్యనిధి నుంచి పెద్ద సహాయం పొందాలంటే ఇటువంటి మార్పులు తప్పవు. కనుకనే ఇది విదేశీయుల ఒత్తిడికి తలవంచడమని ఎందరో విమర్శించారు. ఉమ్మడి గాదెనుంచి తీసుకొనేవాడు నా ఇంటి వ్యవహారం నా ఇష్టమని అనలేడు. అదే సమయంలో గాదె పెద్దలు చెప్పినదల్లా చేస్తే తన ఇల్లు తనది కాకుండా పోతుంది. ఈ రెండింటి నడుమ దారి వెతకడమే పి.వి. ఎదుర్కొన్న అసలు పరీక్ష.

ఎరువుల వ్యవహారం ఇందుకు చక్కని ఉదాహరణ. రాయితీల భారం తగ్గించడానికి బడ్జెట్‌లో ఎరువుల ధరను సగటున 40 శాతం పెంచారు. తొలకరి నాట్ల కాలంలో ఆ వార్త రైతు గుండెలో గునపమైంది. పాలకపక్షం సభ్యులతో సహా పార్లమెంటులో నిరసన చెలరేగింది. ఆగస్టు మొదటి వారంలో ప్రభుత్వం పెంపును 30 శాతానికి తగ్గించి, సన్నకారు, చిన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చింది. లక్ష్యాన్ని విడిచిపెట్టకుండా, బరువును మోయగలిగినవారి మీదకు కొంత మార్చింది. గాదె కట్టుబాటు ఎలా సడలి ఉండాలో ఇంటి కట్టుబాటు కూడా అలాగే ఉండాలని ఈ సంఘటన చెబుతుంది.

1991 అక్టోబరు చివరలో ద్రవ్యనిధి మరో 220 కోట్ల డాలర్లకు పైగా సహాయాన్ని విడతలవారీగా ఇవ్వడానికి అంగీకరించింది. 1991–92లో దేశ ఆర్థిక వృద్ధి ఒక శాతానికి కొంచెం పైన మాత్రమే ఉన్నది. ధరలు పెరిగాయి. సామాన్యుడు కష్టపడ్డాడు. ఆ తరువాత క్రమంగా పరిస్థితి మెరుగుపడింది. 1994 మార్చి నాటికి విదేశీ ద్రవ్య నిల్వలు 1,900 కోట్ల డాలర్లు దాటాయి. ఖజానా కుదుటపడుతున్నకొద్దీ పి.వి. దృష్టి పల్లెల వైపు మళ్లింది. 1992లో ప్రారంభమైన ఎనిమిదవ పంచవర్ష ప్రణాళికలో గ్రామీణాభివృద్ధికి 30,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 1993 అక్టోబరు 2న కరువు ప్రాంతాలు, గిరిజన ప్రాంతాలలోని పేదలకోసం ఉపాధి హామీ పథకం మొదలైంది. పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 73వ సవరణ కూడా ఆయన హయాములోనే అమలులోకి వచ్చింది.

పి.వి. పాలనలో మచ్చలు లేవని చెప్పలేము. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేతను నిరోధించలేకపోయారన్న విమర్శ ఆయనను జీవితాంతం వెన్నాడింది. ఆ సంవత్సరమే బయటపడిన షేర్ల కుంభకోణం, కొత్తగా తెరిచిన మార్కెట్టుకు కాపలా సరిగా లేదని చూపింది. సంస్కరణల ఫలితం అన్ని ప్రాంతాలకూ, అన్ని వర్గాలకూ సమానంగా అందలేదన్న మాటా నిజమే. 1996 ఎన్నికలలో ఆయన పార్టీ ఓడిపోయింది. తరువాత న్యాయస్థానాలలో అభియోగాలను ఎదుర్కొని, వాటినుంచి విముక్తులయ్యేసరికి ఆయన వయోభారంతో కుంగిపోయారు. చరిత్ర ఒక మనిషిని తూచేటప్పుడు తక్కెడ రెండు పళ్లెములనూ చూడాలి.

గాదె కథకు ముగింపు ఇంకా మిగిలి ఉన్నది. 1993 తరువాత భారతదేశం ద్రవ్యనిధి నుంచి అప్పు తీసుకోలేదు. తీసుకొన్నదంతా వాయిదాల ప్రకారం చెల్లిస్తూ వచ్చి, 2000వ సంవత్సరం మే 31 నాటికి పూర్తిగా తీర్చివేసింది. 2003లో నిధికి తానే ధనం సమకూర్చే దేశాల వరుసలో నిలిచింది. ఆ ధనం ఆఫ్రికాలోని బురుండి, దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ వంటి దేశాల అవసరానికి ఉపయోగపడింది. పన్నెండేళ్ల కిందట చేయి చాచి నిలబడిన ఇల్లు, ఇప్పుడు మరొకరికోసం గింజలు కొలిచి పోసింది. ఆ దృశ్యాన్ని చూసేవరకు పి.వి. జీవించి ఉన్నారు. 2004 డిసెంబరు 23వ తేదీన ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాదులో జరిగాయి. ఆయన పోయిన ఐదేళ్లకు, 2009లో, రిజర్వ్ బ్యాంకు ఆ ద్రవ్యనిధి వద్దనే 200 టన్నుల బంగారాన్ని కొనుగోలు చేసింది. 2024లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం భారతరత్న పురస్కారాన్ని ప్రకటించి గౌరవించింది.

ఉమ్మడి సొమ్ము ఎవరికీ ఉచితంగా వచ్చినది కాదు. అది ఇతరుల పంటలోనుంచి వచ్చినది. దానిని కాపాడేవారు, రాబోయే ఆపద పాత ఆపద వలెనే ఉంటుందని భ్రమపడకూడదు. కొత్త కష్టం కనిపించినప్పుడు కట్టుబాటును సడలించే మనసు వారికి ఉండాలి. దానినుంచి తీసుకొనేవారికి, కష్టకాలం వచ్చినది బయటినుంచే అయినా లోపలి తప్పును ఒప్పుకొని సరిదిద్దుకొనే నిజాయతీ కావాలి. తీసుకొన్న గింజను తిరిగి పోసినవాడే మరునాడు ఆ గాదె దగ్గర తలెత్తుకొని మాట్లాడగలడు. వంగర గ్రామపు రైతుబిడ్డ దేశం చేత చేయించిన పని ఇదే.

ప్రశ్నలు

1. ఉమ్మడి గాదె అనే పోలికను అంతర్జాతీయ ద్రవ్యనిధికి రచయిత ఎట్లా అన్వయించారు?
2. గల్ఫ్ యుద్ధం భారతదేశ ఆర్థిక స్థితిని ఏ విధంగా దెబ్బతీసింది? లోపం పూర్తిగా యుద్ధానిదేనా?
3. ఎరువుల ధర విషయంలో ప్రభుత్వం చేసిన మార్పును వివరించండి. దానివల్ల మీరు గ్రహించినదేమిటి?
4. మీ ఊరిలో గాని, మీ కళాశాలలో గాని ఉన్న ఒక ఉమ్మడి నిధిని గురించి, అనుకోని అవసరం వచ్చినప్పుడు దానిని ఎట్లా వినియోగించాలో సొంత మాటలలో రాయండి.